బుధవారం ఆగే బండి

కిందటి నెల కరీంనగర్ పొలిమేరలో నా కారు ఆగిపోయింది. సర్వీసు సెంటరు వాళ్లు వచ్చి, జబ్బు చేసిన దున్నపోతును తీసుకుపోయినట్టు ఇంకో బండి మీదికి ఎక్కించుకుని పోయారు. అక్కడ నీలం చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి, మా చిన్నకూతురి ఈడు ఉంటుంది, స్టీరింగు కింద ఎక్కడో ఒక తీగ గుచ్చి, చేతిలోని పలక లాంటిదాన్ని చూసి, నేను టీ సగం తాగేలోపే తేల్చేసింది.

"ఫ్యూయల్ పంపు పోయింది అంకుల్."

"బానెట్ ఎత్తకుండనే ఎట్ల చెప్పినవ్ బిడ్డా?"

"కోడ్ వచ్చింది."

"పంపు ఎక్కడుంటది దీంట్ల?"

"ట్యాంకుల. పెట్రోల్లనే మునిగి ఉంటది."

నేను తెరిచిన నోరు మూయకుండానే ఇంకో ప్రశ్న వేశాను. "మరి ఎవ్వరి మీద అనుమానం లేదా?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "పంపు పోతే మనుషుల మీద అనుమానం ఎందుకు అంకుల్?"

ఆమెకు ఏమని చెప్పను? నా ఇరవయ్యో ఏట పంపు పోయిందంటే ముందుగా తేలాల్సింది పంపు సంగతి కాదు, పోగొట్టిందెవరన్న సంగతి. అప్పటి కార్లలో అది ఇంజను పక్కన ఆవు పొదుగులాగా అతుక్కుని అందరి కళ్లెదుటా ఉండేది. ఆ పిడికెడు వస్తువు కోసం మా ఇల్లంతా ఒక ఎండాకాలం అయోమయంలో గడిపింది. ఒక మంచి మనిషి పేరు పోయింది. అందులో నా పాపం ఎంతో ఇప్పటికీ నాకే తేలలేదు.

మాది చొప్పదండి దగ్గరి పల్లె. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి ధైర్యం చాలక ఇంటిపట్టున ఉంటున్న రోజులవి. ఊళ్లో నన్ను కోతల రాజి అనేవారు. పొలంలో కొడవలి పట్టిన పాపాన పోలేదు గనుక ఆ పేరు ఎందుకు వచ్చిందో మీరే ఊహించుకోండి. పక్క తాలూకాలో పింఛను పుచ్చుకున్న ఒక అధికారి దగ్గర మా బాపు ఒక పాత నల్లకారు కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను, వాళ్ల మనవలెవరైనా చదివితే మనసు కష్టపెట్టుకుంటారు. అది ఎంత పొడుగంటే, ముందు చక్రాలు మా వాకిట్లో ఆగినప్పుడు వెనక చక్రాలు ఇంకా కరీంనగర్ గడియారం దగ్గరే ఉండేవని చెప్పేవాణ్ని. ఇది మాత్రం కోత. ఇకమీద చెప్పేది కాదు.

బాపుకు కారు నడపడం రాదు, కారుకు ఎలా నడవాలో చెప్పడం వచ్చు. నేను నడిపేవాణ్ని. ఆయన పక్కన కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరిస్తూ, "జర పైలం, గుంత ఉన్నది" అని గుంత దాటాక చెప్పేవాడు. ఎండకు కాగిన సీటు వాసన, పెట్రోలు వాసన, బాపు పొగాకు వాసన, వాంతి కాకుండా మా అవ్వ, అంటే మా అమ్మ, ముక్కు దగ్గర పెట్టుకునే నిమ్మకాయ వాసన, ఈ నాలుగూ కలిసిన గాలే నాకు యవ్వనం. ఇప్పటి కార్లలో అద్దానికి వేలాడే సీసాలోంచి మల్లెపూల వాసన వస్తుంది, మల్లెపూవు మాత్రం ఉండదు.

ఇంటికి బాపు పటేలయితే బాపుకు పటేలు మా బాపమ్మ. అంటే ఆయన తల్లి. ఆమె మంగళవారాలు ఎలా ఉండేవో చెబితేగాని ఈ కథ నడవదు. పొద్దు పొడవకముందే తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని, ఇత్తడి గిన్నెలో కొండగట్టు గుడి సిందూరం వేసి ఆముదంతో రంగరించేది. ఆ జిగురు ఉంగరపు వేలితో తీసి, ఇంట్లో నోరున్న ప్రతిదానికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చేది. వడ్ల గుమ్మి నోటికి, ఇసుర్రాయి నోటికి, బావి మోటరు పైపు నోటికి, బర్రె మూతికి. ముఖాన పెడితే చాలదా అని మా అవ్వ ఒకసారి అడిగితే, "ముఖం చూసేటందుకు. బతికేది నోటితోని" అని కొట్టిపారేసింది. దాని వెనక ఒక దుఃఖం ఉంది. మా తాత ఎడ్లబండి బోల్తాపడి చనిపోయిన రోజున, తొందరలో ఆమె ఎడ్ల మూతులకు బొట్టు పెట్టడం మరిచిపోయిందట. నలభై ఏళ్లుగా ఆ చావు తన వేలి మీదే ఉందని నమ్ముకుని బతికేది. అందుకే ఆ ఇంట్లో ఆ బొట్టును తుడిచే ధైర్యం ఎవరికీ లేదు.

కారు కొన్న కొత్తలో దాని జోలికి ఆమె రాలేదు. ముక్కీ మూలిగీ ఆగిపోవడం మొదలుపెట్టాకే వచ్చింది. ఆ మొదటి జబ్బును పట్టుకున్నవాడు ఖాజా చిచ్చా. కరీంనగర్‌లో బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. సన్నటి మనిషి, చెవిలో ఎప్పుడూ సగం కాల్చిన బీడీ. అందరు మెకానిక్కులూ ఇంజనును చెవితో వింటే ఈయన ముక్కుతో వినేవాడు. ఆ రోజు ఇంజను నూనె కొలిచే పుల్లను బయటికి లాగి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసనొస్తుంది చిన్న పటేలా?"

"పెట్రోలు."

"నూనెల పెట్రోలుకేం పని? పంపు లోపట తోలు చినిగింది. ఇంజను తాగాల్సింది నూనెల కారుతుంది. కొత్త పంపు పడాలె."

కొత్త పంపు హైదరాబాద్ నుంచి తెప్పించి, మా కళ్లెదుటే కాగితం విప్పి బిగించాడు. బండి కోడెదూడలా ఉరికింది. బాపు సంతోషం పట్టలేక ఆ వారమే అందరినీ కొండగట్టు తీసుకుపోయాడు. తిరిగి వచ్చాక మంగళవారం నాడు బాపమ్మ గిన్నె పట్టుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగి నన్ను పిలిచింది.

"ఓ రాజిగా, దీని నోరెక్కడ్రా?"

"ఇంజను ముందలున్నది బాపమ్మా."

"అది కడుపురా. తాగే నోరెక్కడ?"

వెనక రెక్క మీద పెట్రోలు పోసే చోట ఉన్న ఇనుప మూత చూపించాను. ఆమె తృప్తిగా తల ఊపి, మూత నడిమధ్యన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. ఆ తరవాత ప్రతి మంగళవారం పాత బొట్టు మీద కొత్త బొట్టు.

ఆ వారం నుంచే బండి మళ్లీ ఆగడం మొదలైంది. ఈసారి ముక్కడం, మూలగడం లేదు. రెండు మూడు కోసులు బ్రహ్మాండంగా పోయి, ఉన్నట్టుండి గొంతు పట్టుకున్నట్టు ఆగేది. బుధవారం మరీ ఎక్కువ. వారం చివరికి కాస్త నయం. ఆదివారం, సోమవారం ఏ పేచీ లేదు. ఇంకో విడ్డూరం, ట్యాంకు నిండా పోయిస్తే తొందరగా ఆగేది, అడుగున కాస్తే ఉంటే దూరం పోయేది. ఎక్కువ తింటే ఎద్దు పడుకుంటుంది, సరే, కారు కూడానా? బాపు ఆలోచించి ఆలోచించి బుధవారం ప్రయాణాలు మానేశాడు.

దారిలో ఆగినప్పుడల్లా దానికి దొరికిన వైద్యులకు లెక్కలేదు. ఒక బస్సు డ్రైవరు, "కాయిలు గరమైంది" అని నీళ్లు చల్లించాడు. బండి కదిలింది. ఒక సైన్సు మాస్టారు, ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందని పంపుకు తడిగుడ్డ చుట్టించాడు. బండి కదిలింది. ఒక గొర్లకాపరి ఏమీ చెప్పకుండా వచ్చి ముందు చక్రాన్ని కర్రతో రెండు దెబ్బలు వేసి వెళ్లిపోయాడు. అప్పుడు కూడా కదిలింది. ఎవరి మందుకైనా తగ్గే ఆ రోగమేమిటో మాకు అంతుపట్టలేదు. ఆ మందులన్నిటికీ ముందు ప్రతిసారీ నేను చేసే పని ఒకటుంది. వెనక్కి పోయి, మూత తీసి, ఒక పుల్ల ముంచి పెట్రోలు ఉందో లేదో చూసేవాణ్ని. దాన్ని మందు కింద ఎవరూ లెక్కపెట్టలేదు, నేను కూడా.

మూత తిప్పగానే లోపల నుంచి 'హుస్స్' మని చప్పుడు వచ్చేది. ఆ మాట ఉన్నది ఉన్నట్టుగా చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు ఎప్పుడుంది గనక? ఊరి హోటల్లో నలుగురి మధ్య కూర్చుని, మా ట్యాంకులో నాగుపాము కాపురం ఉందని, మూత తీస్తే బుస కొడుతోందని, పెట్రోలు తాగి తాగి దాని కళ్లు లారీ లైట్లలా అయ్యాయని చెప్పాను. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. బాపు దాకా ఆ మాట పోయింది. "పామును చూసినవారా?" అని అడిగాడు. "తోక చూసిన" అన్నాను. ఆయన చెప్పు తీశాడు. దాంతో ఆ 'హుస్స్' చప్పుడు కూడా నా కోతల మూటలో చేరిపోయింది.

ఖాజా చిచ్చా దగ్గరికి మూడుసార్లు తీసుకుపోయాం. షెడ్డులో ఆ బండి అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా బుద్ధిగా ఉండేది. పంపు విప్పి, కడిగి, మళ్లీ బిగించి, "దీంట్ల ఏం ఐబు లేదు పటేలా" అనేవాడు ఆయన. పెట్రోలు మూత మాత్రం తను ముట్టేవాడు కాదు. "దేవుని బొట్టున్నది. నావి గ్రీజు చేతులు. నువ్వే తియ్యి చిన్న పటేలా" అని ఇంజను దగ్గరే నిలబడేవాడు. నేను వెనక మూత తీసేసరికి ఆయన ముందు పానాలు గలగలలాడిస్తూ ఉండేవాడు. ఆ చప్పుడు ఆయన చెవిన పడే వీలే లేకపోయింది.

అదే సమయంలో శ్రీరాంపూర్ నుంచి మా మామ కబురు పంపాడు. మామ అంటే మా మేనత్త భర్త, అక్కడ బొగ్గు లారీలు తిప్పేవాడు. లారీలు చూసుకునేందుకు నమ్మకమైన మెకానిక్కు కావాలి, ఉండటానికి ఇల్లు కూడా ఇస్తాను, నువ్వు మాట ఇస్తే ఖాజాను పెట్టుకుంటాను అని దాని సారాంశం. ఖాజా చిచ్చా షెడ్డు ఉన్న స్థలాన్ని దాని ఆసామి ఖాళీ చేయమంటున్నాడు. ముగ్గురు ఆడపిల్లలు. ఆయనకు ఆ కొలువు ఎంత అవసరమో మాకందరికీ తెలుసు. బాపు ఒక్క మాట అంటే చాలు. కాని బాపు మనసులో పురుగు దూరింది. బండి ఆగడం మొదలైంది కొత్త పంపు పెట్టిన వారంలోనే కదా! ఒకరోజు హోటల్లో అందరి ముందూ అనేశాడు.

"కొత్తదన్నడు గని, పాతదానికే రంగేసి పెట్టినట్టున్నడు ఖాజా."

పక్కనున్నాయన నావైపు తిరిగాడు. "నువ్వు రోజు చూస్తవ్ గదరా రాజీ, రంగేమన్న ఊడిందా?"

పది కళ్లు నా మీద ఉన్నాయి. పది కళ్లు నా మీద ఉంటే నా నోరు నా మాట వినదు. "ఊడుడేంది, పొరలు పొరలు లేస్తుంది. లోపట తుప్పు" అన్నాను. అందరూ 'అయ్యయ్యో' అన్నారు. ఆ 'అయ్యయ్యో' నాకు ఎంత తియ్యగా వినిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పంపు మీద రంగే లేదు. అది ఉత్త తెల్ల లోహం.

సాయంత్రానికల్లా ఆ మాట కరీంనగర్ చేరింది. మర్నాడు ఖాజా చిచ్చా పొద్దున్నే బస్సు దిగి మా వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "పటేలా, శ్రీరాంపూర్ నౌకరి ఇప్పియ్యకున్నా మంచిదే. చోరీ చేసిండన్న పేరుతోని మాత్రం నేను ఉండలేను. ఒక్కసారి నన్ను బండ్ల ఎక్కించుకుని తోలుండ్రి. నా ముందట ఆగాలె అది. షెడ్డుల కాదు, తొవ్వల ఆగాలె" అన్నాడు. బాపు చాలాసేపు వక్క కత్తిరించాడు. చివరికి, "మా బావ బుధవారం రమ్మన్నడు. అందరం పోదాం. పంపు మంచిదని తేలితే ఆడనే మాటిస్త. తేలకుంటే నువ్వు ఆన్నుంచే బస్సెక్కి నీ తొవ్వ నువ్వు చూసుకో" అన్నాడు.

అలా ఒక బుధవారం పొద్దున ట్యాంకు నిండా పోయించుకుని బయల్దేరాం. ముందురోజే బాపమ్మ దిట్టంగా బొట్టు పెట్టింది, శుభకార్యానికి పోతున్నామని రెండు పొరలు ఎక్కువే వేసింది. బాపు నా పక్కన, ఖాజా చిచ్చా వెనక. బండి ఆగాలని ఖాజా చిచ్చా, ఆగకూడదని బాపు, ఏది జరిగితే నా అబద్ధం బయటపడదో తెలియక నేను, ముగ్గురం మూడు మొక్కులు మొక్కుకుంటూ పోతున్నాం. ఊరు దాటి కోసెడు పోయామో లేదో, ఒక మక్కచేను పక్కన బండి ఆగింది. నేను అలవాటు ప్రకారం దిగి వెనక్కి పోబోయాను.

"ఆగు!" ఖాజా చిచ్చా అరిచాడు. "ఎవ్వరు ఏం ముట్టద్దు. సచ్చిన బండి సచ్చినట్టే ఉండాలె."

బానెట్ ఎత్తాడు. పంపులోకి వచ్చే ట్యాంకు పైపును విప్పి, కొసకు బిరడా కొట్టి పక్కకు పెట్టాడు. సంచిలోంచి పెట్రోలు సీసా, ఒక రబ్బరు గొట్టం తీశాడు. గొట్టం ఒక కొస పంపుకు తొడిగి, రెండో కొస సీసాలో ముంచి, సీసాను బాపు చేతికే ఇచ్చాడు. "పట్టుకోండ్రి పటేలా. ఇప్పుడు పంపు తాగేది మీ చేతిల నుంచే." నన్ను స్టార్టు చేయమన్నాడు. నాలుగు తిప్పులు తిరిగాక ఇంజను అందుకుంది. సీసాలో పెట్రోలు తగ్గుతోంది. బాపు ఆ సీసాను పసిపిల్లకు పాలు పడుతున్నట్టు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఖాజా చిచ్చా చెవిలో బీడీ తీసి, బండికి దూరంగా గట్టు మీదికి పోయి తాపీగా మొత్తం కాల్చి వచ్చాడు. ఇంజను ఆగలేదు.

"పంపు తాగుతుందా, లేదా?"

"తాగుతుంది" అన్నాడు బాపు నెమ్మదిగా. "మరి ఎందుకాగిందిర భయ్ గిది?"

"తాగెటోని తప్పు కాదు. పోసెటోడు పోస్తలేడు."

ఇంజను ఆపించి, ట్యాంకు నుంచి వచ్చే పైపు బిరడా తీసి, కొసను నోట్లో పెట్టుకుని పీల్చాడు. కళ్లు పెద్దవయ్యాయి. 'ప్చక్' మని పైపు ఊడబీకి, నాలుక తడుముకున్నాడు. "యా అల్లా! పెట్రోలు రాకపోంగ, నా నాలుకనే లోపటికి గుంజుతుంది పటేలా!" అప్పుడు బండి వెనక్కి నడిచి వచ్చి, పెట్రోలు మూత ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "చిన్న పటేలా, ఇప్పుడు తియ్యి మూత."

తిప్పాను. హుస్స్ మంది. ముగ్గురం విన్నాం.

బాపు రెండడుగులు వెనక్కి గెంతి, "పామురో!" అన్నాడు.

ఖాజా చిచ్చా గట్టు మీద కూలబడి నవ్వాడు. అలా నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "పాము కాదు పటేలా, గాలి. నూనె డబ్బాకు ఎన్ని బొక్కలు కొడతరు ఇంట్ల?"

"రెండు. నూనె వచ్చెతందుకు ఒకటి, గాలి పోయెతందుకు ఒకటి."

"దీనికి గాలి బొక్క గీ మూతలనే ఉంటది, సూది బెజ్జమంత. గది మూసుకపోయింది. పెట్రోలు పోయినకొద్ది లోపట గాలి సాలక ట్యాంకు బిగవట్టుకుంటది. మూత తీస్తె మల్ల ఊపిరి పీలుస్తది. చిన్న పటేలు మూత తీసుడే మందు. మీరందరు నీళ్లు చల్లుకుంట, కట్టెలతోని కొట్టుకుంట తిరిగిండ్రు."

ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ గనుక తొందరగా బిగుసుకుంటుందని, మంగళవారం బొట్టు వారం చివరికి ఎండి బీటలు వారితే కాస్త గాలి ఆడుతుందని కూడా చెప్పాడు. నెలల తరబడి మమ్మల్ని తిప్పలు పెట్టిన చిక్కుముడులన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. కాని బొక్కను మూసింది ఏమిటో ఆయన నోటితో చెప్పలేదు. వేలు పెట్టి చూపించనూ లేదు. మేము ముగ్గురం ఆ ఎర్రటి మూత వంక చూస్తూ నిలబడ్డాం. మక్కచేను గలగలమంటోంది.

బాపు నావైపు తిరిగాడు. "మరి రంగు ఊడిందన్నవ్ గదరా?"

నేను నేల చూశాను. ఆయన కొట్టలేదు. కొడితే ఆ సంగతి అక్కడితో తీరిపోయేది. గట్టు మీది తుమ్మచెట్టు నుంచి ఒక ముల్లు విరిచి, ముందుగా మూతను కళ్లకద్దుకుని, తానే ఆ బెజ్జాన్ని గెలికి ఊదాడు. తరవాత ఖాజా చిచ్చా ముందు నిలబడి ఏదో అనబోయి, గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడమే మా బాపు ఎరిగిన క్షమాపణ.

శ్రీరాంపూర్ దాకా బండి ఎక్కడా ఆగలేదు. బొగ్గు దుమ్ముతో నల్లబడిన వాకిట్లో మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. "మనిషి ఎట్లాంటోడు బావా?" అని అడిగాడు. బాపు పది మంది డ్రైవర్ల ముందు, "నేను చోరీ అంటగట్టిన. తప్పు నాది. బుద్ధిమంతుడు గనుక నా బండిల కూసోనే నా తప్పు నాకు చూపెట్టిండు" అన్నాడు. మా బాపు నోట 'తప్పు నాది' అన్న మాట అంతకుముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు. ఖాజా చిచ్చాకు కొలువు దొరికింది, ఇల్లు దొరికింది.

తిరిగి వస్తుంటే గోదావరి దాటాక బాపు నోరు విప్పాడు. "ఇంట్ల ఏమంటవ్?"

"నిజమే చెప్త బాపూ. ఈ ఒక్కపారి."

"చెప్పకు. ముసల్దానికి తెలిస్తే బతుకదు. ఎడ్లకు పెట్టక మనిషిని పోగొట్టుకున్న అన్నది. ఇప్పుడు పెట్టి బండినాపిన అని తెలుస్తే ఇగ ఆ వేలు కోసుకుంటది. పంపే ఖరాబుండె, ఖాజా మార్చిండు అను."

"మరి ఖాజా చిచ్చా పేరు?"

"ఆయననే అడిగిన. గట్లనే అనుండ్రి అన్నడు."

అలా గోదావరికి అవతల ఖాజా చిచ్చా నిజాయితీపరుడు, ఇవతల పాత పంపు అంటగట్టి పట్టుబడ్డాక మార్చినవాడు. ఒకే మనిషి, ఒకే పంపు, నదికి రెండు ఒడ్డుల్లో రెండు కథలు. బాపమ్మ బతికినన్నాళ్లూ మంగళవారం బొట్టు ఆగలేదు. బుధవారం పొద్దున వేపపుల్ల నములుతూ, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, బాపు ఆ మూత దగ్గర వంగి తుమ్మముల్లుతో బెజ్జం శుభ్రం చేసేవాడు. ఆ కారు తుక్కు కింద పోయేదాకా, ఒక్క బుధవారం కూడా ఆ పని నాకు చెప్పలేదు. పటేలు వంగడం ఊళ్లో ఎవరూ చూడలేదు, కిటికీలోంచి నేను తప్ప.

బాపమ్మ పోయాక, సంవత్సరీకం కూడా అయ్యాక, ఇక బాధపడేవాళ్లెవరూ లేరు కదా అని హోటల్లో నోరు విప్పాను. పంపు మీద రంగు లేదని, నేను అబద్ధం ఆడానని, బండిని ఆపింది బాపమ్మ బొట్టని పూసగుచ్చినట్టు చెప్పాను. నా జీవితంలో అంత కష్టపడి, ఒక్క పోగు కూడా కలపకుండా చెప్పిన కథ అదొక్కటే. అందరూ పొర్లి పొర్లి నవ్వారు. "ముందుగాల పామన్నవ్, ఇప్పుడు బొట్టంటున్నవ్. వచ్చే ఏడు ఇంకేమంటవ్ రాజీ?" అన్నారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ భుజం తట్టి, "ఏమన్నా గని, గా ఖాజాగాడు మోసగాడే" అన్నాడు.

ఇది భరించలేక శ్రీరాంపూర్ పోయాను. అప్పటికి ఖాజా చిచ్చా గడ్డం తెల్లబడింది, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాడు. జరిగింది చెప్పి, ఎవరూ నమ్మలేదని ఏడ్చినంత పనిచేశాను. ఆయన ఓదారుస్తాడనుకున్నాను. చేతిలో పానా కింద పెట్టి కోపంగా చూశాడు.

"ఎవరు చెప్పుమన్నరు నిన్ను?"

"నీ పేరు చిచ్చా..."

"నా పేరు నేను ఇచ్చిన. ఆ ముసలవ్వ పేరు ఖరాబు గావద్దని ఇచ్చిన. ఆమె బతికున్నపుడు దాచి, సచ్చినంక బజార్ల పెడ్తవా? ఇచ్చినదాన్ని మల్ల గుంజుకుంటరా ఎవరన్న?"

నిజం చెప్పకపోవడం తప్పనుకున్నాను, చెప్పడం తప్పయింది. అబద్ధంతో ఒకరిని ముంచాను, నిజంతో ఇంకొకరిని ముంచబోయాను. ఆ రోజు మంచి చాయ తాగించి, బస్సెక్కించి పంపాడు. ఆయన పోయి కూడా నాలుగేళ్లయింది.

సర్వీసు సెంటరు అమ్మాయి బిల్లు మీద సంతకం చేయించుకుంటూ, పోయిన పంపును నల్ల సంచిలో వేసి నా చేతికిచ్చింది, కావాలంటే చూసుకోమని. దాంట్లో ఏముందో నాకు తెలియలేదు. అది ఎందుకు పోయిందో ఆమెకూ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆమె ఎవరినీ దొంగను చేయలేదు, ఎవరూ ఆమె కోసం పేరు పోగొట్టుకోలేదు. ఇది మంచిదే. మంచిదే అనుకుంటూ ఇంటికి వచ్చి, ఆ రాత్రి నుంచి ఈ రాత్రికి ఇన్ని కాగితాలు నింపాను. ఖాజా చిచ్చా వద్దన్న పనే చేశాను. అయినా చిచ్చా, బెంగపడకు. రాసింది కోతల రాజి. నీ పేరూ, బాపమ్మ పేరూ ఎక్కడివి అక్కడే ఉంటాయి. మావాళ్లు ఎవ్వరూ నమ్మరు.